వాష్ బేసిన్ కింద చూరు

బయటికి ఒక్క సబ్బుబిళ్ళ కూడా కనబడని వాష్ బేసిన్ మా ఇంట్లో ఉందన్న సంగతి మా స్కూల్ స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుసు. నేనే చెప్పాను. ఫోన్‌లో ఫోటోలు కూడా చూపించాను. ఒకావిడ అవి చూసి, "మీ ఇంట్లో ఎవరూ పళ్ళు తోముకోరా ఏటండి?" అని అడిగింది. నాకు ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంతకన్నా మంచి మెచ్చుకోలు దొరకలేదు.

సర్దుకోవడం నా పుట్టుబుద్ధి అనీ, ఎదురుగా వస్తువులు చిందరవందరగా ఉంటే నాకు ముద్ద దిగదనీ వాళ్ళకి చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం ఒక పన్ను.

పై వరసలో, కోరపన్ను పక్కది. లోపల్లోపల ఎప్పటినుంచో పుచ్చుతున్నట్టుంది. ఒకరోజు స్కూల్లో భోజనాల గంటలో తేగ కొరికితే, విరిగి ఆ తేగతోపాటే వచ్చేసింది. డెంటిస్టు మిగిలిన ముక్క కూడా పీకి, తీసి పెట్టుకునే కట్టుడు పన్ను చేసిచ్చాడు. గులాబీ రంగు రేకు, దానికి ఒకే ఒక పన్ను. పెట్టుకుంటే ఎవరికీ తెలీదు. కానీ పడుకునేముందు తీసి నీళ్ళ గిన్నెలో వెయ్యాలి. గిన్నెలో వేసిన పన్నుని చూసి ఇది ఎవరిదని ఎవరూ అడగక్కర్లేదు, తొర్రి ఎవరికుందో చూస్తే చాలు.

నా మొగుడు నాకు మేనత్త కొడుకు. పాలపళ్ళు ఊడిన వయసులో నన్ను 'తొర్రీ' అని పిలిచిన మొదటివాడు, ఊరందరిచేతా పిలిపించినవాడు ఈ బావే. కొత్త పళ్ళు వచ్చేశాక కూడా ఆ పేరు నన్ను వదల్లేదు. పెళ్ళికి నేను పెట్టిన ఒకే ఒక్క షరతు, ఆ మాట మళ్ళీ ఆయన నోటివెంట రాకూడదని. నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకోక ఏం చేస్తాడు, నా పళ్ళు నాకున్నాయి కదా. చెరుకుగడని ఇప్పటికీ పంటితో చీల్చి, పిప్పి ఉమ్మేసి, మీసం తుడుచుకునే మనిషి ముందు ఈ వయసులో తొర్రితో నిలబడడం నావల్ల కాదు. కాబట్టి చెప్పలేదు. గదిలో దీపం తీసేశాక పన్ను తియ్యడం, ఆయన లేవకముందే పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. మిగిలిన సమస్యల్లా గిన్నె ఎక్కడ దాచాలన్నదే.

మా ఇల్లు విజయనగరంలో. మాకున్నది ఒకటే స్నానాలగది. అప్పటికి ఆ బేసిన్ చుట్టూ సంత జరిగేది. బావ గడ్డం సామాను, పేస్టులు, దువ్వెనలు, అత్త ఆముదం సీసా, వేపపుల్లలు, కుంకుడుకాయల డబ్బా, ఎప్పుడో అయిపోయిన షాంపూ సీసాలు. ఆ గుంపులో ఒక గిన్నెని దాచడం తేలికే గానీ, గుంపులో ఎవడో ఒకడు చెయ్యి పెడతాడు. దాచాలంటే ముందు అన్నీ దాచాలి. అన్నీ దాగిపోయిన చోట ఒకటి దాగిందని ఎవరికీ అనుమానం రాదు. ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

వడ్రంగిని పిలిపించి, బేసిన్ కింద నీళ్ళకి ఉబ్బని పలకలతో బీరువా కట్టించాను. గొట్టానికి అడ్డం రాకుండా మధ్యలో కోసిన సొరుగు ఒకటి. బేసిన్ ముందు వట్టి పలకలా కనిపించేది నిజానికి ముందుకి వాలే చిన్న తొట్టె, బ్రష్షులూ పేస్టులూ అందులో. అద్దం అంచు నొక్కితే అద్దమే తలుపులా తెరుచుకుంటుంది, వెనక అరలు. ఆ అరల వెనక ఇంకో పలుచటి పలక, దాన్ని పక్కకి జరిపితే ఒక గిన్నె పట్టేంత జాగా. అదెందుకని వడ్రంగి అడిగితే, చెప్పిన పని చెయ్యమన్నాను. బంగారం స్నానాలగదిలో పెట్టకండమ్మా, తడి తగులుతుందని సలహా ఇచ్చి పోయాడు.

అన్నిటికన్నా అడుగున, నేలకి ఆనుకుని, కాలివేళ్ళు తగిలేచోట జానెడు ఎత్తు పలక ఉంటుంది. అందరూ అది ఊరికే మూత అనుకుంటారు. బొటనవేలితో నొక్కితే టక్కుమని బయటికొచ్చే సొరుగది. టిష్యూ చుట్టలూ దూదీ అందులో పడేసి, దాని సంగతి మరిచిపోయాను. మరిచిపోనివాళ్ళు ఇంట్లో ఒకరున్నారు.

మా అత్త. మేనత్తా అత్తగారూ ఒకే మనిషి కాబట్టి ఆవిడకి నన్ను తిట్టడానికి రెండు అధికారాలున్నాయి. నరసన్నపేట అవతల పల్లెలో వరిపొలం కౌలుకిచ్చేసి మా దగ్గరికి వచ్చింది. ఆవిడది అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు పల్లెల్లో పాతతరం ఆడవాళ్ళకి అదేం వింత కాదు. నాట్లు వేసేటప్పుడు వానొచ్చినా నిప్పు ఆరదు, రెండు చేతులూ పనిలో ఉన్నా చుట్ట నడుస్తూనే ఉంటుంది. సగం కాలిన చుట్టని గోడకి రాసి ఆర్పి, ఇంటి చూరులో దోపి, మళ్ళీ బుద్ధి పుట్టినప్పుడు తీసుకుంటారు. చిన్నప్పుడు మా అత్త ఇంటి చూరులో చెయ్యి పెడితే చుట్టముక్క తగలని చోటు ఉండేది కాదు.

అలా కాల్చే ఆడవాళ్ళకి అంగిట్లో పుళ్ళు పడతాయనీ, అవి ముదిరితే ప్రాణం మీదికి వస్తుందనీ బావకి ఎవరో డాక్టరు చెప్పాడు. బావ భయపడ్డాడు. తల్లిని మా ఇంటికి తెచ్చేముందు తిన్నగా శ్రీకూర్మం తీసుకెళ్ళి, కూర్మనాథస్వామి ఎదుట నిలబెట్టి మాట పుచ్చుకున్నాడు. నా కొడుకు ఇంట్లో చుట్ట ముట్టను సామీ అని ఆవిడ దండం పెట్టుకుంది. దేవుడి దగ్గర ఇచ్చిన మాటని మా అత్త తప్పదు. ఆ సంగతి జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు.

అందుకే స్నానాలగదిలో పొగాకు వాసన మొదలైనప్పుడు మా అత్త నాకు తట్టనే లేదు. ముందు జిగురు వాసన అనుకుని వడ్రంగిని మళ్ళీ పిలిచాను. అతను సొరుగులో తల దూర్చి, ముక్కు ఎగబీల్చి, జిగురు ఇలా ఉండదమ్మా, ఇంట్లో ఎవరో కాలుస్తున్నారు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అతన్ని పంపేసి బావ మీద పడ్డాను.

ఆయన గరివిడి ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి సాయంత్రానికి దుమ్ముకొట్టుకుని వస్తాడు. కాలరు వాసన చూశాను. జేబులు వెతికాను. బూడిద లేదు, పీక లేదు, అగ్గిపుల్ల లేదు. ఇంత శుభ్రంగా కాలుస్తున్నాడంటే ఎంత ఆరితేరాడో అని ఇంకా మండింది. ఆయన నా తల మీద ఒట్టేశాడు. ఆ తల నాదే కాబట్టి నేను నమ్మలేదు. చివరికి సాక్ష్యానికి తల్లిని పిలిచాడు. ఆవిడ తమలపాకు నమలడం ఆపి, కొడుకుని ఎగాదిగా చూసి, "ఆడు అలగటోడు కాదే," అంది. మళ్ళీ నమలడం మొదలుపెట్టి, "అయినా మగోడు. ఏటి సెప్పగలం," అని కూడా అంది.

కన్నతల్లే అలా అన్నాక ఇంక కేసు ఏముంది. బావ జేబులో లవంగాలు వేసుకుని, ఇంట్లోకి అడుగుపెట్టగానే నోరు తెరిచి నా ముఖం మీద ఊదడం మొదలుపెట్టాడు. లవంగాలు నమిలే మనిషి ఎందుకు నములుతున్నట్టు అని నేను దాన్నీ తప్పు పట్టాను.

ఒకరోజు మధ్యాహ్నం, స్కూలు సెలవు, బావ డ్యూటీలో ఉన్నాడు. స్నానాలగది ముందునుంచి వెళుతుంటే వాష్ బేసిన్ పొగలు కక్కుతోంది. కక్కడమంటే నిజంగానే, కింది పలక సందుల్లోంచి సన్నగా, నీలంగా పొగ. కరెంటు తీగ ఏదైనా కాలిందేమోనని మెయిన్ ఆపడానికి పరుగెత్తబోయాను. తీరా ఆ పలక వెనక తీగలేవీ లేవని గుర్తొచ్చి, బొటనవేలితో నొక్కాను. సొరుగు టక్కుమని వచ్చింది. నా దూది అంచు ఎర్రగా రాజుకుంటోంది. దాని పక్కన ఒక చుట్టముక్క, ఇంకా ఆరని కొసతో. దాని వెనక బిస్కట్ల రేకుడబ్బాలో వరసగా చుట్టలు, అగ్గిపెట్టె. బకెట్‌తో నీళ్ళెత్తి సొరుగు నిండా పోశాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్త. "నా సుట్టలన్నీ తడిపీసినావేటే," అంది. ఇల్లు తగలబడకుండా ఆపినందుకు నాకు దక్కిన ఆశీర్వాదం అది.

అప్పుడు నాకు అంతా అర్థమైంది. నిప్పు నోట్లో, పొగ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లో, బూడిద బేసిన్ నీళ్ళలో. పల్లెలో చూరు ఉండేది, మా డాబాకి చూరు లేదు. వెతుక్కుని వెతుక్కుని, నేను వేల రకాలుగా ఆలోచించి కట్టించిన అడుగు సొరుగుని ఆవిడ చూరు చేసుకుంది. మరి శ్రీకూర్మంలో ఇచ్చిన మాట ఏమైందని నిలదీశాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"ఇంట్లో ముట్టనన్నాను. ఇది ఇల్లెలగయ్యింది? నీల్లగది పెరటికిందే లెక్క. సామికి తెలీదనుకున్నావేటి, పెరడేదో ఇల్లేదో?"

నేను ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. ఈ లెక్కకి నేనూ మార్కులు వెయ్యాల్సిందే. పల్లెలో స్నానాలగది ఎప్పుడూ పెరట్లోనే ఉంటుంది. దాన్ని పడకగది పక్కకి తెచ్చి పెట్టింది మేమే గానీ ఆవిడ కాదు. కోపంతో, సాయంత్రం నీ కొడుకు రానీ, చెబుతాను అన్నాను.

"సెప్పు," అంది తాపీగా. "నానూ సెప్తాను, అద్దం ఎనకాల గిన్నెలో రేతిరంతా ఏటి నానతాదో."

దొంగకి తేలు కుట్టినట్టయింది. పన్ను సంగతి ఎప్పటినుంచి తెలుసో అడిగే ధైర్యం కూడా రాలేదు. తడిసిన దూది ఎత్తేసి, నేల తుడిచి, ఇద్దరం టీ తాగాం. ఆ సాయంత్రం బావ వచ్చి, ఇల్లంతా ఏదో మాడువాసన అన్నాడు. నేను అత్త ముఖం చూశాను, అత్త గోడ చూసింది. నీ సిగరెట్ల వాసనకి అలవాటుపడి నీకు అన్నీ అలాగే ఉంటాయి అని ఆయన్నే దులిపేశాను. పాపం, ఆ రోజు కూడా లవంగం నములుతూనే వచ్చాడు.

అలా మా ఇద్దరి మధ్యా సంధి కుదిరింది. నేను పలక ముట్టను, ఆవిడ అద్దం ముట్టదు. ఆవిడ కొత్త చుట్టలు తెప్పించుకుంది. నేను దూదిని ఇంకో సొరుగులోకి మార్చాను. ఇల్లు ఎప్పటికన్నా పొందికగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ రోజులు నాకు సరదాగానే ఉండేవి.

ఆ సరదా చారు దగ్గర పోయింది. మా అత్త చారు పొగలు కక్కుతూ ఉంటేగానీ తాగదు. అలాంటిది గిన్నె పక్కన పెట్టుకుని, అది చల్లారేదాకా కూర్చోవడం చూశాను. తర్వాత ఆవకాయ వద్దంది. ఆవకాయ వద్దన్న మనిషిని మా వంశంలో నేనెప్పుడూ చూడలేదు. ఒక పొద్దున స్నానాలగది తలుపు ఓరగా ఉంటే చూశాను, ఆవిడ అద్దం ముందు నోరంతా తెరిచి, నా పౌడరు డబ్బాలోని చేతి అద్దాన్ని నాలుక మీద పెట్టుకుని, అంగిలి చూసుకోవాలని అవస్థ పడుతోంది.  ఎంత తిప్పినా కనపడడం లేదు. నాకు భయమేసింది. అంతకుముందెప్పుడూ ఆవిడ గురించి భయపడలేదు, ఆవిడకి భయపడడమే తెలుసు. సంధి పేరుతో నేను ఆవిడ చుట్టలకి కాపలా కాశానని అప్పుడు తెలిసొచ్చింది.

చూపించమంటే నోరు మూసేసింది. డాక్టరు దగ్గరికి పదమంటే మంచం ఎక్కి గోడవైపు తిరిగింది. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను కూడా. చివరికి అసలు మాట బయటికొచ్చింది. సామితో ఎలాగో చెప్పుకుంటుందట, పెరటి లెక్క ఆయనకి తెలుసు. కొడుక్కి తెలీదు. నోరు తెరిస్తే కొడుక్కి తెలిసిపోతుంది. మాట తప్పిన తల్లిగా వాడి ముందు నిలబడలేనంది.

"నాకొక్కదానికే సిగ్గా?" అంది గోడవైపే చూస్తూ. "నువ్వు ఆడి ముందు పన్ను తియ్యి. నాను నోరు తెరుస్తాను. అప్పుడు ఇద్దరికీ సమానం. ఆ తరవాత కూడా నా పలక జోలికి రాకు. కాలుస్తన్నానో మానీసినానో నన్ను నమ్మాలి, సొరుగుని కాదు."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక దారేముంది.

డెంటిస్టు మునుపు నా పన్ను కట్టినాయనే. బావకి విషయం సగమే చెప్పాను, అత్తకి నోట్లో మంటగా ఉందని. ముగ్గురం లోపలికి వెళ్ళాం. అత్త ఆ పెద్ద కుర్చీలో కూర్చుంది. డాక్టరు దీపం దించి నోరు తెరవమన్నాడు. ఆవిడ నావైపు చూసి, "ముందు నువ్వు," అంది.

డాక్టరుకి ఏం అర్థం కాలేదు. బావకి అసలే అర్థం కాలేదు. నేను గోడవైపు తిరిగి పన్ను తీశాను. తీసి, అరచేతిలో పెట్టుకుని, బావవైపు తిరిగి నవ్వాను. అంత కష్టపడి నేను ఎప్పుడూ నవ్వలేదు. ఆయన నా చెయ్యి చూశాడు, నా నోరు చూశాడు. మీసం వణికింది. పెళ్ళినాటినుంచి నోట్లో కుక్కుకున్న మాట ఆగలేదు.

"తొర్రీ," అన్నాడు.

చెంప పగలగొట్టాలనిపించింది. కానీ అంతలో అత్త కిసుక్కున నవ్వింది, ఆ నవ్వుతోనే నోరు తెరిచింది. డాక్టరు దీపం దగ్గరికి జరిపాడు. బావ నవ్వు ఆగిపోయింది. ఆవిడ అంగిలి అంతా తెల్లగా మందం కట్టి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు, ఒక పక్క చిన్న పుండు. ఎన్నేళ్ళ నిప్పో అక్కడ రాసి ఉంది. బావ తల్లి పాదం పట్టుకుని నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. ఆ పాదం వదలకుండా డాక్టరు చెప్పేది విన్నాడు. నా దగ్గర మాత్రం ఇంటికి వెళ్ళేదారిలో, మరి నన్నెందుకే అన్నాళ్ళు తిట్టావు అని అడిగాడు. లవంగాలు ఆరోగ్యానికి మంచివన్నాను.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా మేము ఎలా ఉన్నామో రాయడం నాకిష్టం లేదు. ఇంకా ముదరలేదని వచ్చింది. మానేస్తే తగ్గొచ్చు, మానకపోతే నేను చెప్పలేను, చూపించుకుంటూ ఉండాలి అన్నాడు డాక్టరు. అత్త తల ఊపింది. ఊపిన తలలోపల ఏముందో ఎవరికి తెలుసు.

అప్పటినుంచి నా పన్ను గిన్నె బేసిన్ పక్కనే, అందరికీ కనబడేలా ఉంటోంది. బావ గడ్డం గీసుకుంటూ దానికి రోజూ నమస్కారం పెడతాడు. పలక మాత్రం నేను ముట్టలేదు. పళ్ళు తోముకుంటుంటే నా బొటనవేలు దానికి ఆనుకునే ఉంటుంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, కాలుస్తోందో మానేసిందో తెలిసిపోతుంది. ఇచ్చిన మాట కోసం ఆ కాలివేలిని ఎంత బిగపట్టుకున్నానో నాకే తెలుసు. వాసన లేదు. కానీ నా ముక్కు మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది.

మొన్న ఆదివారం స్టాఫ్ రూమ్ ఆడవాళ్ళంతా చెప్పాపెట్టకుండా ఇంటికి దిగబడ్డారు. వచ్చింది నన్ను చూడ్డానికి కాదు, వాష్ బేసిన్‌ని చూడ్డానికి. మంచినీళ్ళయినా తాగకుండా అటు నడిచారు. ఆదివారం కదాని నేనింకా పన్ను పెట్టుకోలేదు, అది గిన్నెలోనే ఉందని గుర్తొచ్చేసరికి వాళ్ళు స్నానాలగదిలో ఉన్నారు. బావ ముందు తియ్యడం వేరు, రేపు స్టాఫ్ రూమ్‌లో నేను నోరు తెరిచినప్పుడల్లా ఇంత మంది నా పంటిని చూస్తూ కూర్చోవడం వేరు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనకే పరుగెత్తాను. బేసిన్ పక్కన ఏమీ లేదు. సబ్బుబిళ్ళ కూడా లేదు. అందరూ ఆహా అన్నారు. నేను కొంగు తియ్యకుండానే అద్దం నొక్కి, తొట్టె వంచి, సొరుగు లాగి చూపించాను. గిన్నె ఎందులోనూ లేదు.

వాళ్ళు వెళ్ళాక అత్త దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆవిడ టీవీ మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

"నా సూరులో ఎట్టినాను. ఎల్లి తీసుకో."

అలాంటప్పుడు నువ్వే తీసివ్వు, నేను పలక ముట్టనని మాటిచ్చాను కదా అన్నాను. "నానే సెప్తన్నాను కదే, ఎల్లి సూసుకో," అంది.

వెళ్ళి, నేల మీద కూర్చుని, పలక నొక్కాను. సొరుగు టక్కుమని వచ్చింది. లోపల కాలిన మచ్చ ఇంకా ఉంది. మూలకి ఆ బిస్కట్ల రేకుడబ్బా ఉంది. మూత తీశాను. చుట్టలు లేవు, అగ్గిపెట్టె లేదు. డబ్బా లోపల నీళ్ళతో నా గిన్నె, గిన్నెలో నా పన్ను, చుట్టూ తొణక్కుండా బావ లవంగాలు పోసి ఉన్నాయి.